ఖుబానీ వెంట్రుకలు

రైలు యీషున్ నుంచి కదిలాక, తలుపు పక్క సీట్లో కూర్చున్న ఖదీజాకు తన నల్ల దుపట్టా అంచు మీద మూడు వెంట్రుకలు కనిపించాయి. లేత నారింజ రంగువి, కొసలు తెల్లవి. మొన్న ఉతికి, వెదురు గడకు ఆరేసి, దులిపి, మడతపెట్టిన దుపట్టా. పిల్లి ఇల్లు వదిలి ఇరవై రెండు రోజులైంది, అయినా ఏ గుడ్డ విప్పినా ఇవే రాలుతున్నాయి, ఎక్కడ దాక్కుంటాయో, గోడల్లోంచి మొలుస్తున్నాయో ఏమో. ఒకదాన్ని గోళ్లతో పట్టి తీసింది, ఎక్కడ పారేయాలో తోచక మళ్లీ దుపట్టాకే అంటించింది. ఒళ్లో నీలం ప్లాస్టిక్ బుట్ట, పిల్లిని పెట్టుకుని పోయే మూత బుట్ట, ఖాళీగా ఉంది. మూడింటికి బూన్ లే స్టేషన్ కింద, బస్సులు ఆగేచోట నిలబడతానని ఫోన్లో అన్నాడు సింహాచలం, పిల్లిని తీసుకున్నతను. పిల్లిని అట్టపెట్టెలో పెట్టి తెస్తానన్నాడు. తిరుగు ప్రయాణం టాక్సీలో, రైల్లో జంతువుల్ని ఎక్కనివ్వరు. సాయంత్రం ముఖ్తార్ ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి సోఫా మీద ఖుబానీ కూర్చుని ఉండాలి. అప్పుడు మొగుడి మొహం చూడాలి. ఆ తరవాత ఏమిటన్నది ఖదీజా ఆలోచించలేదు. నిన్న సాయంత్రం నుంచి ఆమె బుర్రలో అంతవరకే నడుస్తోంది, తలుపు తెరుచుకోవడం, అతని మొహం, మళ్లీ తలుపు తెరుచుకోవడం.

పేరు తనే పెట్టింది. నానబెట్టిన ఖుబానీ పండు రంగు, పెళ్లి విందుల్లో ఆఖర్న మీగడ వేసి పెట్టే మిఠాయి రంగు. తోక సగమే ఉంది, ఈ ఊరి వీధి పిల్లులు చాలావాటికి అంతే, పుట్టుకతోనే మొండి తోక. అది ఇంట్లోకి వచ్చిన వారానికే ఇల్లంతా దాని రంగుకు తిరిగింది. ఫ్యాను రెక్కల అంచున బూజులా పేరుకునేది. కుక్కర్ మూత రబ్బరు చుట్టూ ఒకటి చుట్టుకుని ఉండేది. పెరుగు గిన్నె మీద మూత తీస్తే మీగడలో ఒకటి, తెల్లటి దానిలో అంత స్పష్టంగా, ఎవరో పెన్నుతో గీసినట్టు. కూతురు జారా స్కూలు యూనిఫారం నీలం కాబట్టి దాని మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. ముఖ్తార్‌వి అన్నీ నల్ల ప్యాంట్లు, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు వాళ్లకు ఇంటర్నెట్ పని చేసిపెట్టే ఆఫీసు, అక్కడ అందరూ నల్ల ప్యాంట్లే. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, పార్సిల్ అంటించే వెడల్పాటి టేపు నాలుగు వేళ్లకు తిరగేసి చుట్టుకుని, మోకాళ్ల నుంచి కిందికి టపటపా అద్దుకునేవాడు. ఏమీ అనేవాడు కాదు. అదే ఇప్పుడు గుర్తొస్తోంది, ఏడు నెలల్లో ఒక్కసారీ ఏమీ అనలేదు. చిరాకు పడలేదు, తిట్టలేదు. టేపు అయిపోతే తనే కొనుక్కొచ్చుకునేవాడు. ఎంత ఓపిక నా మొగుడికి అని సుచిత్రతో చెప్పుకుంది. సుచిత్ర అదే అంతస్తులో రెండిళ్ల అవతల ఉంటుంది, విజయవాడ పిల్ల, ఒకరి ఇంటి తాళంచెవి ఒకరి దగ్గర ఉండేంత స్నేహం. అదృష్టవంతురాలివే అంది సుచిత్ర, కాఫీ తాగుతూ, గ్లాసు అంచున అంటుకున్న వెంట్రుకను వేలితో తీసేసి.

సెంబవాంగ్. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. కిటికీ అవతల పన్నెండంతస్తుల బ్లాకులు, ఈ దేశపు ఆగస్టు తొమ్మిది పండగకు కట్టి, పంద్రాగస్టు దాటినా తీయని ఎరుపు తెలుపు జెండాలు, గడల మీద ఆరేసిన బట్టలు. ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లుల్ని పెంచకూడదన్న నియమం ఉందని మొదట్లో ఆమెకు తెలియదు. తెలిశాక కూడా పెద్దగా భయపడలేదు. ఏడో అంతస్తులో నాలుగిళ్లలో పిల్లులున్నాయి, అందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ అడగరు. భయపడ్డది నమాజు గురించి. జానమాజ్, నమాజు చేసుకునే చాప, పరిస్తే చాలు, మధ్యలోకి వచ్చి పడుకుని, ఒళ్లు విరుచుకుని, లేచి పోయేది, దాని ఆకారం వెంట్రుకలతో అచ్చు పడేది. ఒక్కొక్కటే ఏరేది ఖదీజా, అసర్ నమాజు వేళ దాటిపోయేలా ఉన్నా ఏరేది. ఏరుతుంటే అమ్మీ గొంతు వినిపించేది. నిజామాబాద్‌లో వాళ్లు అద్దెకున్న రెండు గదుల్లో ఎప్పుడూ ఏదో ఒక పిల్లి తిరిగేది, నమాజుకు ముందు అమ్మీ కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే చెంబులో మూతి పెడితే తరిమేది కాదు. పిల్లి తాగిన నీళ్లు పాకే బేటా, మైల పడవు, అది ఇంట్లో మనిషి లెక్క, అనేది. ఇంట్లో మనిషి లెక్క. ఆ మాట ఎవరితోనూ అనలేదు ఖదీజా. అనకుండానే వాళ్లు ఏదో అర్థం చేసుకున్నారు.

అమ్మీ పోయింది కిందటి డిసెంబరు ముప్పై ఒకటిన. ప్రపంచమంతా కంప్యూటర్ల గురించి వణికిన రోజు అది, తేదీలో రెండు సున్నాలు వస్తే బ్యాంకులు ఆగిపోతాయని, విమానాలు పడిపోతాయని. ఖదీజా కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష మనిషి, రెండేళ్లు అదే పని, వేల లైన్ల ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచేయడం. ఆ రోజు మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటిదాకా ఆఫీసు వదలకూడదని డ్యూటీ వేశారు. అమ్మీకి గుండె ఆగింది ఇక్కడి లెక్కన మధ్యాహ్నం మూడింటికి. ఆమె అన్న నిజామాబాద్ నుంచి ఇక్కడికి ఫోన్ చేశాడు, ముఖ్తార్ తీశాడు, విన్నాడు, పెట్టేశాడు. మర్నాడు ఎనిమిదింటికి ఆమె నిద్ర కళ్లతో ఇంటికి వచ్చి, ఏమీ కాలేదు, ఒక్క కంప్యూటరూ ఆగలేదు అని నవ్వుతూ చెప్పి, చాయ్ తాగి, బిస్కెట్ తిని, కాళ్లు కడుక్కున్నాక అప్పుడు చెప్పాడు. అప్పటికి అక్కడ మట్టి చేసేశారు.

"ఎందుకు చెప్పలే?" అని అడిగింది, గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

"చెప్తే ఏం చేస్తుంటివి? డ్యూటీ ఇడిసిపెట్టి పోతుంటివా? ఆఫీసుల కూసొని ఏడుస్తుంటివి. ఆ ఒక్క పూట నీకు బరువు వద్దనుకున్న" అన్నాడు ముఖ్తార్. అంటూ ఏడ్చాడు కూడా. ఆమె అతన్నే ఓదార్చింది. ప్రేమ అనుకుంది. ఈ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో, అన్నకు, వదినకు, సుచిత్రకు, పాపం తను ఒక్కడే ఆ కబురు పదిహేడు గంటలు మోశాడు అని. పదిహేడు గంటలు. ఆ చాయ్ రుచి ఆమెకు ఇప్పటికీ నోట్లో ఉంది, అల్లం కొంచెం ఎక్కువైన చాయ్, అమ్మీ మట్టిలో ఉండగా తను బిస్కెట్ ముంచుకుని తిన్న చాయ్.

జనవరిలో పిల్లి వచ్చింది. కింద, బ్లాకు మొదట్లో ఖాళీ జాగాలో రాతి బల్లలుంటాయి, అక్కడ కూర్చుని ఉంటే కాళ్లకు రాసుకుంది, లిఫ్టు దాకా వచ్చింది, లిఫ్టులోకి వచ్చింది. మార్చిలో కోబాల్ వాళ్లందర్నీ ఇంటికి పంపేశారు, పని అయిపోయింది కదా. ఏ కంపెనీకి ఫోన్ చేసినా కొత్త భాష జావా వచ్చా అని అడుగుతున్నారు, కుర్రవాళ్లు, డాట్‌కామ్‌ల వాళ్లు, గొంతులో ఉరుకులాట. శనివారాలు జావా క్లాసుకు పోయేది. మిగతా రోజులు ఇంట్లో ఆమె, పిల్లి. దానితో మాట్లాడేది నిజమే. తెలుగులో మాట్లాడేది, అమ్మీతో మాట్లాడినట్టు కాదు, ఊరికే, ఇయ్యాల బెండకాయ ముదిరింది చూడు అని, ఆ పక్కింటామె మళ్లా చేపలు ఎండబెట్టింది పో అని. తడి రబ్బరు గ్లవుజు వేసుకుని సోఫా నిమిరితే వెంట్రుకలన్నీ చుట్టలు చుట్టుకుని వచ్చేవి, వాటిని ఉండ చేసి పిల్లి ముందు దొర్లిస్తే తన బొచ్చుతోనే అది ఆడుకునేది. జారా పగలబడి నవ్వేది. నవ్వుతూ నవ్వుతూ దగ్గేది.

దగ్గేది. వుడ్‌లాండ్స్ వచ్చింది, జనం ఎక్కారు, ఒక మలయ్ పెద్దావిడ బుట్ట వంక చూసి నవ్వి, క్యాట్ ఆ, అని అడిగింది. ఖదీజా తలూపింది. వేర్ ఈజ్ ద క్యాట్, అంది ఆవిడ. గోయింగ్ టు టేక్, అంది ఖదీజా, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, నిన్నటి నుంచి సరిగ్గా ఎవరితోనూ మాట్లాడలేదు. జారా దగ్గుతోందని ఆమెకు తెలియదా? తెలుసు. ఏప్రిల్ నుంచి తెలుసు. తేనె పట్టింది, ఛాతీకి వామునూనె రాసింది. శనివారం పొద్దున ఆమె క్లాసుకు వెళితే ముఖ్తార్ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేవాడు. దుమ్ము పడట్లేదట, ఇండోనేషియా అడవులు తగలబడుతున్నాయి కదా, ఆ పొగట, అని చెప్పాడు. కిటికీలు మూసింది. కిటికీలు మూసి, పిల్లిని లోపల పెట్టి మూసింది.

ఎవరూ చెప్పకపోతే మనిషికి ఎలా తెలుస్తుంది? నిన్న కంప్యూటర్ ఆగిపోకపోతే ఈ రోజుకీ తెలియదు. మధ్యాహ్నం జావా లెక్కలు చేసుకుంటూ ఉంటే అది గుర్రుమని వేడెక్కి ఆగిపోయింది, మూడుసార్లు అలాగే అయింది. ఖదీజా స్క్రూలు విప్పి పక్క రేకు తీసింది. లోపలి ఫ్యానుకు నారింజ రంగు కంబళి ముక్క అంటుకుని ఉంది, అంత మందాన, ఖుబానీ బొచ్చు, ఏడు నెలలది. టేబుల్ కింద వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకునేది. ఆ కంబళి ముక్కను అలాగే ఊడదీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు నేల మీద కూర్చుంది, ఏడ్చింది కూడా, పిల్లి కోసం. పిల్లి కోసమే ఏడ్చింది అప్పటికి. తరవాత రేకు బిగించి, కంప్యూటర్ వేసి, తన లెక్కల ఫైలు తెరుద్దామని చూస్తే ఇటీవల తెరిచిన నాలుగు ఫైళ్ల పేర్లు వరసగా కనిపించాయి. మూడోది క్యాట్ లెటర్ ఫైనల్.

సగం పేజీ ఉత్తరం. హౌసింగ్ ఆఫీసు వారికి. ఈ బ్లాకు ఏడో అంతస్తులో ఫలానా ఫ్లాటులో నియమాలకు విరుద్ధంగా పిల్లిని పెంచుతున్నారు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ల పాపకు ఉబ్బసం. పిల్లి బొచ్చు వల్లనే అని పరీక్ష చేసి డాక్టరు చెప్పారు. ఆ పాప తల్లి ఈ విషయం వినే స్థితిలో లేరు. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్. కింద సుచిత్ర పేరు, సుచిత్ర ఫ్లాటు నంబరు. ఇంగ్లీషు మాత్రం ముఖ్తార్‌ది. పదేళ్లుగా అతని ఉత్తరాలు చదువుతోంది, కామా ముందు ఖాళీ వదలడం, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ లేకుండా ఏ ఉత్తరమూ ముగించలేకపోవడం. నిఖాకు ముందు ఆమెకు రాసిన మొదటి ఉత్తరంలో కూడా ఉందామాట, ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. అతను రాశాడు. సుచిత్ర సంతకం పెట్టింది. ఇద్దరూ ఈ టేబుల్ దగ్గరే కూర్చుని ఉంటారు, శనివారం, తను క్లాసులో ఉండగా. ఆ మాట ఎవరిది, వినే స్థితిలో లేరు అన్నది? అతనిదా, సుచిత్రదా? ముందు ఇంకేదో రాసి, బాలేదని కొట్టేసి, ఇది పెట్టారా? పిల్లి ఆ టేబుల్ కిందే పడుకుని ఉంటుంది.

క్రాంజీ దగ్గర రైలు చెట్ల మధ్యకు వచ్చింది, కాసేపు ఇళ్లు లేవు, అద్దంలో తన మొహం కనిపించింది, ముప్పై మూడేళ్లకు కళ్ల కింద ఇంత నలుపు. నోటీసు వచ్చిన రోజున సుచిత్ర పులిహోర గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి గట్టిగా పట్టుకుంది.

"ఎవరో కుళ్లుమోతు మనిషి రాసుంటారు ఖదీజా. ఏడవకు, నిన్ను చూస్తే నాకూ ఏడుపొచ్చేస్తోంది" అంది. వచ్చింది కూడా. నిజం కన్నీళ్లే. ఆ భుజం మీద తల పెట్టి తను ఏడ్చింది, సుచిత్ర చీరకు తన చేతుల మీద వెంట్రుకలు అంటుకుంటే, అయ్యో నీ చీర, అని తీయబోయింది. పోన్లే, అంది సుచిత్ర.

ఎవరు రాసి ఉంటారని ఇద్దరూ కూర్చుని లెక్కలు వేశారు. ఆ చివరింటి చైనీస్ ఆంటీయేనేమో అంది ఖదీజా. రోజూ పొద్దున నడవా ఊడుస్తుంది, చేటలో పిల్లి బొచ్చు చూపించి తల అడ్డంగా ఊపుతుంది. అయ్యుండచ్చు, అంది సుచిత్ర. కాదు అనలేదు. అయ్యుండచ్చు అంది. ఆ రోజు నుంచి ఖదీజా ఆ ముసలావిడకు మొహం చూపించలేదు. లిఫ్టులో ఎదురైతే గోడకు తిరిగింది. వారం కిందట ఆవిడ ఒక నారింజ పండు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు, నో థాంక్యూ అని తలుపేసింది, మొహం మీదే వేసింది. డెబ్భై ఏళ్ల మనిషి ఆ పండు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో.

పిల్లిని ఇచ్చేయక తప్పదని తేలాక అంతా ముఖ్తారే చూసుకున్నాడు. ఉగాది సంబరంలో భోజనాల దగ్గర కలిసిన సింహాచలం గుర్తున్నాడా అన్నాడు, శ్రీకాకుళం అతను, షిప్‌యార్డులో రంగులేస్తాడు, వాళ్ల గోదాంలో ఎలుకలున్నాయట, పిల్లి కావాలట, అల్లా పంపినట్టు దొరికాడు అన్నాడు. ఖుబానీని ఈ నీలం బుట్టలో తన చేత్తోనే పెట్టింది ఖదీజా. టాక్సీ దాకా పోలేకపోయింది. అతను ఖాళీ బుట్ట తీసుకుని తిరిగి వచ్చి, పక్కన కూర్చుని, వీపు నిమిరాడు. మెల్లగా, చాలాసేపు నిమిరాడు.

చో చూ కాంగ్. బుకిట్ గొంబాక్. నిన్న సాయంత్రం వాళ్లకు అన్నం పెట్టింది, పప్పు తాలింపు వేసింది, అతను తిన్నాడు, ఆఫీసు సంగతులు చెప్పాడు, ఆమె ఊఁ కొట్టింది. అడగలేదు. అడిగితే ఏడుస్తాడు, మళ్లీ తనే ఓదార్చాలి. ఈ పొద్దున స్కూలు బస్సు రాకముందు జారాకు జడ వేస్తూ అడిగింది, డాక్టరు అంకుల్ ఏమన్నాడు బేటా అని. 

"పప్పా సెడ్ డోంట్ టెల్ మమ్మీ" అంది జారా, అద్దంలో తల్లి కళ్లలోకి చూడకుండా. "మమ్మీ విల్ క్రై లా. లైక్ నానీ టైమ్." నానీ, అంటే అమ్మమ్మ, పోయినప్పటిలా.

"అందుకని దగ్గొస్తే ఏం చేస్తుంటివి?"

"పిల్లో. ఐ కాఫ్ ఇన్ ది పిల్లో. సో యూ కాన్ట్ హియర్."

జడ చివర రిబ్బను రెండుసార్లు జారిపోయింది ఖదీజా చేతుల్లోంచి. దిండులో మొహం పెట్టుకుని దగ్గింది. ఎనిమిదేళ్ల పిల్ల. పిల్లి ఉండాలని, అమ్మ ఏడవకూడదని, ఊపిరాడక, ఆ దిండు మీద కూడా ఖుబానీ పడుకునేది కదా, ఆ వెంట్రుకల్లోనే మొహం పెట్టుకుని. తను గోడ అవతల పడుకుని ఉంది. ఈ రోజు దగ్గు తగ్గినట్టుంది అని అల్లాకు షుక్రియా చెప్పుకుంది. అన్నీ తెలిసిన ఆ మనిషి పక్కనే పడుకుని, అవును తగ్గింది, అన్నాడు.

ఒక్క మాట. ఖదీజా, పాపకు పిల్లి పడదట, అంతే, ఇంతకన్నా ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఏప్రిల్లో ఆ మాట చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏడ్చేది, ఎందుకు ఏడవదు? ఏడుస్తూనే బుట్టలో పెట్టేది. ఆ పూటే పెట్టేది. కూతురి ఊపిరి కన్నా పిల్లి ఎక్కువని ఏ తల్లి అనుకుంటుంది? తను అనుకుంటుందని వాళ్లనుకున్నారు. పదేళ్లు కాపురం చేసినవాడు, తాళంచెవి ఇచ్చిపుచ్చుకున్నది, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని తన గురించి అది అనుకున్నారు, అనుకుని ఇంగ్లీషులో రాశారు, సర్కారుకు పంపారు. తన ముందు గొంతులు తగ్గించుకుని మాట్లాడినప్పుడల్లా జాలి అనుకుంది. అతని ఓపికను చూసి మురిసిపోయింది. ఆ టేపు అద్దుకునే చప్పుడు, టపటప, టపటప, ఏప్రిల్ నుంచి రోజూ, అంతసేపూ మనసులో దీన్ని ఎలా చెప్పాలి అని కాదు, ఎలా చెప్పకుండా ఉండాలి అని లెక్కలు వేసుకున్నాడు.

జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాలి. బుట్ట పట్టుకుని మెట్లు దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం ఎక్కి, వచ్చిన రైలెక్కి నిలబడింది. చైనీస్ గార్డెన్, చెరువులో తెల్లటి గోపురం నీడ. ఖుబానీని తీసుకెళ్లి సోఫా మీద కూర్చోబెడుతుంది. ముఖ్తార్ తలుపు తీస్తాడు. అప్పుడు జారా ఎక్కడుంటుంది? ఇందాకటి నుంచి ఎన్నిసార్లు ఆ తలుపు తెరుచుకున్నా జారా ఆ గదిలో లేదు. ఇప్పుడు వచ్చింది. స్కూలు బ్యాగు అక్కడే పడేసి, పిల్లిని చూసి, ఉరికొచ్చి, ఎత్తుకుని, దాని మెడలో మొహం పెట్టింది. ఖదీజా పట్టుకున్న కడ్డీ చల్లగా, తడిగా ఉంది. లేక్‌సైడ్‌లో దిగిపోదామా అనుకుంది. సింహాచలం ఎండలో నిలబడి ఉంటాడు, అట్టపెట్టె పట్టుకుని. దిగలేదు.

అతను నిజంగానే ముందు వచ్చి ఉన్నాడు. బస్సుల వరస పక్కన, స్తంభం నీడలో, ఉతికిన చొక్కా, గోళ్ల చుట్టూ ఎర్ర రంగు. ఈ వారం రాత్రి షిఫ్టు కాబట్టి పగలు నిద్ర మానుకుని వచ్చాడు. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, తాడు కట్టాడు. ఖదీజా దగ్గరకు రాగానే పెట్టె లోపల గీరిన చప్పుడైంది.

"ఏటమ్మా, ఇలాగ సిక్కిపోనారు?" అన్నాడు. పెట్టె బెంచీ మీద పెట్టి మూత విప్పాడు. ఖుబానీ తల బయట పెట్టి, బస్సుల రొదకు చెవులు వెనక్కి వాల్చి, ఖదీజా మణికట్టు వాసన చూసి, మూతితో ఒకసారి నెట్టింది. కొంచెం లావెక్కింది. "సేపలు తినీసి తినీసి ఇలగయ్యిందండి. ఎలకల్ని పట్టదు గానీ, దీన్ని సూసి అవే పారిపోతన్నాయి. తీసుకెల్లిపోతారా మరి?"

ఖదీజా దాని చెవుల వెనక గోకింది, చేతికి గుప్పెడు వెంట్రుకలు వచ్చాయి.

"మా వోలందరికీ అలవాటయిపోనాదండి" అన్నాడు సింహాచలం, నేల చూస్తూ. "అయినా మీ పిల్లే కదా. మే నెల్లో సారు ఫోన్ సేసి, పిల్లొకటి ఇస్తాను ఉంచుకుంటావా అన్నప్పుడే నానడిగేనండి, మేడమ్‌గారికి తెల్సా అని. ఆవిడికి పేనం కదా, ఉగాది నాడు బోజనాల కాడ దాని కబుర్లే సెప్పేరు కదా. తెల్సు, ఆవిడే ఇమ్మంటన్నాది అన్నారు."

"మే నెలలోనా?"

"ఆఁ, మే డేకి సెలవిచ్చేరు సూడండి, ఆ మర్నాడు."

నోటీసు వచ్చింది జులైలో. అల్లా పంపినట్టు దొరికాడన్నది జులై ఆఖర్న. మే నుంచి జులై దాకా జారా ఆ దిండులో దగ్గింది, అతను సరైన రోజు కోసం చూశాడు. ఖదీజా బెంచీ మీద కూర్చుంది. ఈ రంగులేసే మనిషి, రెండే రెండుసార్లు చూసిన మనిషి, ఒక్కడు అడిగాడు. మేడమ్‌గారికి తెలుసా అని అడిగాడు. అతనికీ అబద్ధమే చెప్పారు.

 రెండు బస్సులు వెళ్లిపోయాయి. తరవాత ఖుబానీని రెండు చేతులతో ఎత్తి ఒకసారి గుండెకు ఆనించుకుని, అట్టపెట్టెలో పెట్టబోయి, ఆగి, నీలం బుట్టలో పెట్టింది. మూత వేసింది. బుట్టను సింహాచలం చేతికి ఇచ్చింది.

"ఇదేటమ్మా?"

"నువ్వే ఉంచుకో. మా పాపకు పడదు" అంది ఖదీజా. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "ఆయాసం వస్తది దానికి. బొచ్చు పడదు. అందుకని నేనే ఇస్తున్న నీకు."

"మరింత దూరం వచ్చేరు కదమ్మా."

"ఇయ్యనీకే వచ్చిన" అంది.

అతనికి ఏం అర్థమైందో ఏమో, బుట్టను రెండు చేతులతో పట్టుకున్నాడు. చేపలు తగ్గిస్తానన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు డ్రైవరుకు కనపడకుండా బుట్టను ఒంటికి అడ్డం పెట్టుకుని ఎక్కడం చూసింది, కిటికీలోంచి చెయ్యి ఊపడం చూసింది, బస్సు మలుపు తిరిగాక మొబైల్ తీసి ముఖ్తార్‌కు ఫోన్ చేసింది.

"ఆఁ చెప్పు" అన్నాడు, వెనక కీబోర్డుల చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు.

"పిల్లిని ఇచ్చేసిన."

"ఏ పిల్లి? ఎక్కడున్నవ్ ఖదీజా?"

"బూన్ లేల. సింహాచలం దగ్గర. అప్పుడిచ్చింది నువ్వు. ఇయ్యాల నేనిచ్చిన. జారాకు పడదని ఇచ్చిన."

అతను లేచి ఎక్కడికో నడుస్తున్నట్టుంది, నవ్వులు దూరమయ్యాయి, ఒక తలుపు పడింది. ఖదీజా ఆగింది. ఏదో ఒక మాట అంటాడని, తప్పయిందని కాకపోయినా, తన పేరైనా ఇంకోసారి పిలుస్తాడని, ఫోను చెవికి నొక్కుకుని ఆగింది.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు ముఖ్తార్, గొంతు తగ్గించి. "సుచిత్రనా?"

ఎదురుగా ఇంకో బస్సు వచ్చి ఆగింది, పనివాళ్లు హెల్మెట్లు చేత పట్టుకుని దిగుతున్నారు, ఆ గుంపులో దారి చేసుకుంటూ ఖదీజా స్టేషన్ మెట్ల వైపు నడిచింది.

"జారా డాక్టర్ పేరు చెప్పు. క్లినిక్ ఏడుంది?"

"సాయంత్రం వచ్చి అన్నీ చెప్తా, విను, నువ్వు ముందు ఇంటికి..."

"పేరు చెప్పు."

చెప్పాడు. యీషున్ స్టేషన్ వెనక సందులోనే, ఆమె రోజూ కూరగాయలు కొనే దుకాణం మీద అంతస్తులో. ఆరింటి దాకా తెరిచి ఉంటుంది. మధ్యాహ్నం పూట బడి కాబట్టి జారా స్కూలు బస్సు తిరిగి వచ్చేది ఏడింటికి. పరీక్ష కాగితాలు చూపించమనాలి, ఏ మందు ఎప్పుడు వెయ్యాలో రాసుకోవాలి, ఇంటికి పోయి ఆ దిండు బయట పారేయాలి, పరుపు మార్చాలి. నడవా చివరి తలుపు కూడా తట్టాలి, ఆ ముసలావిడకు ఏం చెప్పాలో ఇంగ్లీషులో తెలియదు.

"ఖదీజా" అన్నాడు ముఖ్తార్. "నేను రావాల్నా?"

అడిగాడు. పదేళ్లలో ఏదైనా చేసేసి చెప్పడమే తప్ప చేసేముందు అడగడం ఎప్పుడైనా విందా అని ఆలోచించింది. గుర్తు రాలేదు.

"వద్దు" అంది. ఫోను ఆపి సంచీలో వేసుకుని, అప్పుడే వచ్చిన రైలు ఎక్కింది.